మొదటి ఈసీజీ ‘నార్మల్’, నలభై నిమిషాలకే గుండెపోటు: ఒక కేస్ స్టడీ

52 ఏళ్ల మహిళ. బరువు 68 కిలోలు, ఎత్తు 156 సెం.మీ., నడుము చుట్టుకొలత 94 సెం.మీ. ఎనిమిదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ. పొగ తాగదు. రాత్రి భోజనమయ్యాక 9:30 ప్రాంతంలో పొట్ట పైభాగంలో మంట, వికారం మొదలయ్యాయి. ఛాతీలో నొప్పి లేదు. యాంటాసిడ్ సిరప్ తాగితే పది నిమిషాలు తేలికపడినట్టు అనిపించింది. 11 గంటలకు దవడ కింద బరువుగా పట్టేసింది, ఒళ్లంతా చెమటలు పట్టాయి. 11:40కి దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి చేరింది. అక్కడ క్యాథ్ ల్యాబ్ (గుండె ధమనుల్లోకి సన్నని గొట్టం పంపి అడ్డంకి తెరిచే గది) లేదు. అది ఉన్న ఆసుపత్రికి రోడ్డు మీద మూడు గంటల ప్రయాణం.

ఇది ఒక్క మనిషి కేస్ షీట్ కాదు. ఇలాంటి రోగుల్లో తరచూ ఎదురయ్యే వివరాలను బోధన కోసం ఒకచోట కూర్చింది. అంకెలు, మోతాదులు మాత్రం వాడుకలో ఉన్న మార్గదర్శకాల ప్రకారమే ఇచ్చాం.

లక్షణాలు ఎందుకు దారి తప్పించాయి

గుండె అడుగుభాగం డయాఫ్రం (ఛాతీని, పొట్టను వేరుచేసే కండరం) మీద ఆనుకుని ఉంటుంది. అక్కడి కండరానికి రక్తం ఆగితే వేగస్ నాడి రెచ్చిపోతుంది. అందుకే వికారం, వాంతి, తేన్పులు, చెమట, గుండె కొట్టుకునే వేగం (నాడి) తగ్గడం ముందుగా కనిపిస్తాయి. పైగా ఈమెకు ఎనిమిదేళ్ల షుగర్. నొప్పిని మోసే నాడులు దెబ్బతిని ఉంటే ఛాతీ నొప్పి బాగా తగ్గిపోవచ్చు, అసలు రాకపోనూవచ్చు. ఆడవాళ్లలోనూ గుండెపోటుకు ఎక్కువగా వచ్చే లక్షణం ఛాతీలో బిగుతే. కాకపోతే దానితోపాటు ఆయాసం, దవడ లేదా వీపు నొప్పి, వికారం, చెప్పలేని నీరసం మగవాళ్లలో కంటే ఎక్కువగా ఉంటాయి. డాక్టరు దగ్గర వాళ్లు ముందుగా చెప్పేది కూడా ఒక్కోసారి అవే.

యాంటాసిడ్‌తో తగ్గింది కాబట్టి గుండె కాదు అన్న తర్కం చెల్లదు. గుండె నొప్పి వచ్చి పోతూ ఉంటుంది. ధమనిలో గడ్డ కాసేపు మూసుకుని, కాసేపు కరిగి, మళ్లీ మూసుకుంటుంది. సిరప్ తాగిన వేళ, ధమని తెరుచుకున్న వేళ ఒకటైతే ఘనత సిరప్‌కు దక్కుతుంది. నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్రతో (రక్తనాళాలను వదులు చేసే మందు) నొప్పి తగ్గితే అది గుండె నొప్పే అనుకోవడం కూడా అంతే తప్పు. అన్నవాహిక కండరాలు పట్టేసినా ఆ మాత్రకు సడలుతాయి.

రోగి వివరాలు రాసుకునేటప్పుడు ‘నొప్పి ఉందా’ అని అడిగితే చాలామంది లేదనే అంటారు. బిగుతు, బరువు, మంట, పట్టేసినట్టు ఉండటం, ఊపిరి ఆడకపోవడం వంటివి విడివిడిగా అడగాలి. చెమట గురించి తప్పకుండా అడగాలి. కదలకుండా కూర్చున్న మనిషికి చల్లని చెమట పడితే దాన్ని గ్యాస్ ఖాతాలో వేయకూడదు.

11:52 నాటి ఈసీజీ

ఆసుపత్రికి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రమాణం. ఇక్కడ పన్నెండు నిమిషాలు పట్టింది, పెద్ద తేడా కాదు. మెషీన్ కాగితం పైన ‘నార్మల్’ అని అచ్చు వేసింది. నిజానికి ఏవీఎల్ లీడ్‌లో (గుండెను ఒక్కో కోణం నుంచి చూసే గీతను లీడ్ అంటారు) ఎస్‌టీ (గీతలో గుండె స్పందన వెంటనే వచ్చే భాగం) అర మిల్లీమీటరు దిగి ఉంది, దాని వెనకే వచ్చే టీ తరంగం తలకిందులైంది. లీడ్ 3లో టీ తరంగం పక్క లీడ్ల కంటే కాస్త వెడల్పుగా ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

గుండె అడుగుభాగపు పోటులో లీడ్ 3కి దాదాపు ఎదురుగా ఉండి చూసేది ఏవీఎల్. అందుకే అడుగుభాగాన్ని చూసే లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో ఎస్‌టీ లేవకముందే ఏవీఎల్‌లో దిగుడు కనిపించవచ్చు. కొందరిలో కొద్ది నిమిషాలపాటు కనిపించే తొలి గుర్తు అదొక్కటే. మెషీన్ ప్రోగ్రాములు దాన్ని తరచూ వదిలేస్తాయి. మెషీన్ రాసిన వాక్యం చదవకముందే తరంగాలు చూసే అలవాటు ఉంటే దీన్ని పట్టుకోవచ్చు.

ఆ సమయంలోనే చేసిన ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) కార్డు పరీక్ష నెగెటివ్ వచ్చింది. లక్షణాలు మొదలై రెండున్నర గంటలే అయింది. కార్డు పద్ధతిలో ట్రోపోనిన్ పట్టుబడటానికి సాధారణంగా 3 నుంచి 6 గంటలు పడుతుంది. ఆ వేళలో వచ్చిన నెగెటివ్‌తో తేలేది ఏమీ లేదు. హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ ఉన్నచోట కూడా వచ్చినప్పుడు ఒకసారి, గంటకో రెండు గంటలకో మరోసారి చూసి, రెండు అంకెల మధ్య మార్పును బట్టే నిర్ణయిస్తారు. ఇక ఈసీజీలో ఎస్‌టీ లేచి కనిపిస్తుంటే ట్రోపోనిన్ కోసం ఆగకూడదు. గుండె కండరం చావడం 20 నుంచి 40 నిమిషాల్లో మొదలవుతుంది. రక్తపరీక్ష దాని వెనకాల వస్తుంది.

ఆమెకు పాంటోప్రజోల్ 40 మి.గ్రా. సిరలోకి ఇచ్చి పడుకోబెట్టారు. మందులో తప్పు లేదు. రెండో ఈసీజీ ఎప్పుడు తీయాలో కేస్ షీట్‌లో రాయకపోవడమే తప్పు. లక్షణాలు సాగుతుంటే మొదటి గంటలో ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి తీయాలి. లక్షణం మారినా, ఉన్నట్టుండి చెమట పట్టినా, బీపీ పడినా ఆ క్షణమే తీయాలి. ఎలక్ట్రోడ్లు పీకకుండా అలాగే ఉంచితే రెండో ఈసీజీకి నిమిషం చాలు, పైగా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. తీసి మళ్లీ అతికిస్తే స్థానం వేలెడు జరిగినా తరంగం మారుతుంది, అప్పుడు ఏది జబ్బో ఏది జరుగుడో తేలదు. చెమట పట్టిన చర్మాన్ని పలుచటి నూలు గాజ్ గుడ్డతో తుడిచి, ఆరాక అంటించాలి. ఛాతీ మీది ఎలక్ట్రోడ్లలో వీ1, వీ2 నాలుగో పక్కటెముకల సందులో ఉండాలి. తొందరలో వాటిని ఒక సందు పైకి పెట్టేయడం మామూలైపోయింది. ఆడవాళ్లలో వీ4ను రొమ్ము కింద పెట్టాలి, మీద కాదు.

12:25కి డ్యూటీ నర్సు రోగి ముఖం పాలిపోవడం చూసి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ ఈసీజీ పెట్టింది. 12:35 కాగితం మీద లీడ్ 2లో 2 మి.మీ., లీడ్ 3లో 3 మి.మీ., ఏవీఎఫ్‌లో 2.5 మి.మీ. ఎస్‌టీ లేచి ఉంది, ఏవీఎల్‌లో 1.5 మి.మీ. దిగుడు ఉంది. ఇక సందేహం లేదు.

నాలుక కింద మాత్ర, 70/40 బీపీ

అప్పటికి బీపీ 108/70, నాడి నిమిషానికి 52. గుండెపోటు అనగానే చేయి నాలుక కింద మాత్ర మీదికి వెళుతుంది. ఐసోసార్బైడ్ డైనైట్రేట్ అనే నైట్రేట్ 5 మి.గ్రా. పెట్టారు. ఐదు నిమిషాల్లో బీపీ 70/40కి, నాడి 44కి పడిపోయాయి. మనిషి మగతలోకి జారింది.

కారణం ఈసీజీలోనే ఉంది. లీడ్ 2 కంటే లీడ్ 3లో ఎస్‌టీ ఎక్కువ లేస్తే మూసుకుపోయింది గుండెకు రక్తమిచ్చే కుడి కరోనరీ ధమని అయ్యే అవకాశం ఎక్కువ. అది మొదలు భాగంలోనే మూసుకుంటే గుండె అడుగుభాగంతోపాటు కుడి జఠరిక (రక్తాన్ని నెట్టే కింది గది) కూడా దెబ్బతింటుంది. అడుగుభాగపు పోట్లలో మూడో వంతు నుంచి సగం దాకా ఇలా జరుగుతుంది. దెబ్బతిన్న కుడి జఠరిక రక్తాన్ని గట్టిగా నెట్టలేదు. సిరల నుంచి వచ్చే రక్తం ఒత్తిడి మీదే నెట్టుకొస్తుంటుంది. నైట్రేట్ సిరలను వదులు చేస్తుంది. రక్తం కాళ్లలో, పొట్టలో నిలిచిపోతుంది, కుడి జఠరిక ఖాళీ అవుతుంది, ఎడమ జఠరికకు చేరేది తగ్గుతుంది, బీపీ కుప్పకూలుతుంది. ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో నీరు తీసే మందు), మార్ఫిన్‌లతో కూడా ఇదే ముప్పు. నాడి నెమ్మదించడానికీ మూలం ఆ ధమనే: ఏవీ నోడ్‌కు (గుండె లయ సంకేతం జఠరికలకు దాటే చోటు) రక్తం అందించేది పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి కుడి కరోనరీయే.

కాబట్టి అడుగుభాగపు పోటు కనిపించగానే, నైట్రేట్ ఆలోచన రాకముందే, వీ4ఆర్ చూడాలి. వీ4 ఎలక్ట్రోడ్‌ను ఛాతీ కుడివైపు అదే స్థానానికి, అంటే ఐదో సందులో కాలర్‌బోన్ నడిమి నుంచి కిందికి గీసిన గీత మీదికి మార్చి మళ్లీ తీయడమే. మెషీన్ మాత్రం కాగితం మీద ‘వీ4’ అనే ముద్రిస్తుంది. పెన్నుతో ‘వీ4ఆర్’ అని రాయకపోతే ఆ కాగితం తర్వాత చూసినవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ 1 మి.మీ. లేస్తే కుడి జఠరిక దెబ్బతిన్నట్టే, ఈమెకు 1.5 ఉంది. ఈ గుర్తు కొద్ది గంటల్లో మాయమవుతుంది, అందుకే పొద్దున చూద్దాంలే అంటే కుదరదు. పడకపక్క కనిపించే గుర్తులు మూడు: బీపీ తక్కువ, మెడ సిరలు ఉబ్బి ఉండటం, ఊపిరితిత్తులు శుభ్రంగా వినపడటం. మూడూ ఒకేసారి ఉండాలని లేదు.

పై బీపీ 90 కంటే తక్కువున్నా, నాడి 50 కిందికి పడినా, కుడి జఠరిక అనుమానం ఉన్నా నైట్రేట్ వద్దు. అంగస్తంభన మాత్రలైన సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ వేసుకుని 48 గంటలు కానివాళ్లకూ వద్దు. మగవాళ్లు ఆ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు, ఇంటివాళ్లను బయటికి పంపి అడగాలి.

కాళ్లు ఎత్తిపెట్టి, నార్మల్ సెలైన్ 250 మి.లీ. వేగంగా ఎక్కించారు. నాడి వేగం పెంచే అట్రోపిన్ 1 మి.గ్రా. సిరలోకి ఇచ్చారు. ఊపిరితిత్తులు మళ్లీ విని, ఇంకో 250 ఇచ్చారు. బీపీ 98/60, నాడి 66కి వచ్చాయి. ఇక్కడ ఆగడం ముఖ్యం. సెలైన్ అదే పనిగా ఎక్కిస్తే ఉబ్బిన కుడి జఠరిక మధ్యగోడను ఎడమవైపుకు నొక్కి, ఎడమ జఠరిక నిండకుండా చేస్తుంది. అర లీటరు నుంచి లీటరు లోపు బీపీ లేవకపోతే ద్రవాలు ఆపి నారడ్రినలిన్ లేదా డోబ్యుటమిన్‌కు వెళ్లాలి. ఆక్సిజన్ ఇవ్వలేదు. ఎస్‌పీఓ2 (రక్తంలో ఆక్సిజన్) 96 శాతం ఉంది. 90 కంటే తక్కువైతేనే దాని అవసరం.

గడ్డ కరిగించే ఇంజెక్షన్

120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ చేసే వీలుంటే అక్కడికే పంపాలి. ఇక్కడ ప్రయాణమే మూడు గంటలు, కాబట్టి గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్. నిర్ధారణ నుంచి పది నిమిషాల్లో ఇంజెక్షన్ వెళ్లాలని నియమం. ఈ కేసులో 12:58 అయింది. బీపీ నిలబెట్టడానికే ఎక్కువ సమయం పోయింది. ఆ నైట్రేట్ మాత్ర లేకుంటే ఆ నిమిషాలు మిగిలేవి.

ఇచ్చే ముందు అడగాల్సినవి: మెదడులో ఎప్పుడైనా రక్తస్రావమైందా, ఆరు నెలల్లో పక్షవాతం వచ్చిందా, నెలలోపు పెద్ద ఆపరేషన్, తలకు దెబ్బ, కడుపులో రక్తస్రావం ఉన్నాయా, మెదడులో కణితి ఉందా, రక్తం గడ్డకట్టని జబ్బు ఉందా. నొప్పి వీపులోకి చీల్చుకుపోయినట్టు ఉండి రెండు చేతుల బీపీ తేడాగా ఉంటే బృహద్ధమని చీలిక అనుమానించాలి, ఆ స్థితిలో ఈ మందు ప్రాణాంతకం. ఇంజెక్షన్ వల్ల మెదడులో రక్తస్రావం సుమారు నూటికి ఒకరిలో జరుగుతుంది. ఆ మాట ఇంటివాళ్లకు ముందే చెప్పాలి.

మోతాదు బరువును బట్టి: 60 కిలోల లోపు 30 మి.గ్రా., 60 నుంచి 70 లోపు 35, 70 నుంచి 80 లోపు 40, 80 నుంచి 90 లోపు 45, 90, ఆపైన 50. 75 ఏళ్లు, ఆపైన వయసుంటే సగం. ఈమెకు 35 మి.గ్రా., ఒకే విడతగా, పది సెకన్లలో. వయల్‌ను కుదపకూడదు, నెమ్మదిగా తిప్పి కరిగించాలి. అదే లైన్‌లో అంతకుముందు గ్లూకోజ్ వెళ్లి ఉంటే మందు గడ్డలు కడుతుంది; ముందూ వెనకా సెలైన్‌తో కడగాలి. దానితోపాటు ఆస్పిరిన్ 300 మి.గ్రా. నమిలించారు. పైపూత ఉన్న మాత్ర మింగితే ఆలస్యమవుతుంది, నమలడం అందుకే. క్లోపిడోగ్రెల్ (గడ్డ కట్టనివ్వని మాత్ర) 300, అటోర్వాస్టాటిన్ (కొవ్వు తగ్గించే స్టాటిన్) 80, ఎనోక్సపారిన్ (గడ్డ కట్టనివ్వని ఇంజెక్షన్) 30 మి.గ్రా. సిరలోకి, పావుగంట తర్వాత కిలోకు 1 మి.గ్రా. చొప్పున చర్మం కింద. ఈ రాత్రికి కండరంలో ఏ ఇంజెక్షనూ వద్దు. నొప్పికని వచ్చీ రాగానే తుంటికి డైక్లోఫెనాక్ పొడిచే అలవాటు ఉన్నచోట, ఆ తర్వాత టెనెక్టెప్లేస్ ఇస్తే పొడిచినచోట రక్తం గూడు కడుతుంది. డైక్లోఫెనాక్ గుండెకు హాని చేసేది కూడా.

1:20కి మానిటర్ మీద నిమిషానికి 80 చొప్పున వెడల్పాటి బీట్లు రెండు నిమిషాలు నడిచాయి. ధమని తెరుచుకున్నప్పుడు తరచూ కనిపించే లయే ఇది. బీపీ నిలకడగా ఉంటే చూస్తూ ఉండటమే వైద్యం. లయ సరిచేసే లిడోకెయిన్‌కు పరుగెత్తనక్కర్లేదు.

ఇంజెక్షన్ పనిచేసిందో లేదో తేలేదాకా ఆగకుండా 1:25కే అంబులెన్స్ బయల్దేరింది. పని చేయకపోతే వెంటనే యాంజియోప్లాస్టీ కావాలి; ఆ గంటన్నర రోడ్డు మీద గడవడమే మేలు. డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) లేని బండిలో మాత్రం పంపకూడదు. గుండె కొట్టుకోవడం ఆగి జఠరిక అదిరితే షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. 2:25కి బండిలోనే తీసిన ఈసీజీలో లీడ్ 3 ఎస్‌టీ 3 మి.మీ. నుంచి 1కి దిగింది. 60 నుంచి 90 నిమిషాల మధ్య సగానికి పైగా దిగితే మందు పనిచేసినట్టే.

మర్నాడు ఉదయం 10:30కి మణికట్టు ధమని ద్వారా యాంజియో. కుడి కరోనరీ మొదట్లో 90 శాతం అడ్డంకి, కొంత గడ్డ. ఒక స్టెంట్, 3.5 × 28 మి.మీ. ఎడమ ముందు ధమనిలో 40 శాతం, దాన్ని ముట్టుకోలేదు. ఎకోలో (గుండె స్కాన్) ఎడమ జఠరిక పంపింగ్ (ఒక్కో స్పందనకు బయటికి నెట్టే రక్తం వాటా) 50 శాతం.

పోటుకు ముందరి పదేళ్లు

ఈ మనిషి ప్రమాదం ఆ రాత్రి పుట్టలేదు. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో చూసి, తొలి గుండెపోటుకు పదింట తొమ్మిది వంతులు తొమ్మిది కారణాలే అని తేల్చింది: పొగాకు, చెడు కొవ్వు నిష్పత్తి, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం, మద్యం తాగే తీరు. ఈమెలో వాటిలో కనీసం నాలుగున్నాయి. అడ్మిషన్ రోజు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.4, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 148, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్) 36, ట్రైగ్లిజరైడ్లు 212. లిపిడ్ పరీక్ష మొదటి 24 గంటల్లోనే చేయించాలి, ఆ తర్వాత ఎల్‌డీఎల్ తాత్కాలికంగా పడిపోయి మోసం చేస్తుంది.

పాత కాగితాల్లో మరో నాలుగు విషయాలు దొరికాయి. రెండో కాన్పులో ప్రీఎక్లాంప్సియా (గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగే జబ్బు). 43 ఏళ్లకే నెలసరి ఆగడం. తండ్రికి 51 ఏళ్ల వయసులో గుండెపోటు. రెండేళ్ల కిందట రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. మొదలుపెట్టి, ఒళ్లు నొప్పులని మూడు వారాలకే మానేయడం. మొదటి మూడూ మామూలు రిస్క్ కాలిక్యులేటర్లలో చాలావాటికి కనపడవు. కాన్పునాటి బీపీ గురించి గుండె డాక్టరు అడగడు, అది గుండెకు సంబంధమని ఆమెకు తెలియదు, ప్రసూతి డాక్టరు కాన్పుతో ఫైలు మూసేస్తుంది. 40 దాటిన ప్రతి మహిళ దగ్గరా అడగాల్సిన ప్రశ్న అది. స్టాటిన్ మానేసినప్పుడు ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మా లెక్కలో ఈ కేసులో అన్నిటికంటే ఖరీదైన లోపం ఇదే.

స్టాటిన్ నొప్పుల మీద 2020లో వచ్చిన శాంసన్ అధ్యయనం చూడదగ్గది. నొప్పులని మందు మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. ఆ లెక్క వాళ్లకే చూపించాక సగం మంది మళ్లీ మొదలుపెట్టారు. నొప్పి అబద్ధమని కాదు, దానికి కారణం చాలాసార్లు మందు కాదని. సీకే (కండరం దెబ్బను చూపే రక్తపరీక్ష), థైరాయిడ్ చూసి, మోతాదు తగ్గించో మందు మార్చో కొనసాగించాలి.

ఇంటికి పంపాక

ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 పన్నెండు నెలలు. పన్ను పీకించుకోవడానికని ఇవి మానకూడదు. స్టెంట్ కొత్తగా ఉన్న నెలల్లో మానితే అదే మూసుకుపోవచ్చు. అటోర్వాస్టాటిన్ 80. బీపీ కుదుటపడ్డ మూడో రోజున రామిప్రిల్ 2.5, లక్ష్యం 130/80 లోపు. బీటా బ్లాకర్ (నాడి వేగం తగ్గించే మందు) ఇవ్వలేదు: నాడి నెమ్మదించిన మనిషి, పంపింగ్ 50 శాతం ఉంది. 2024 నాటి రెడ్యూస్-ఏఎంఐ అధ్యయనంలోనూ పంపింగ్ 50, ఆపైన ఉన్నవాళ్లలో దానివల్ల మరణాలు, మళ్లీ పోట్లు తగ్గలేదు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌కు ఎంపాగ్లిఫ్లోజిన్ 10 జోడించారు. ఫ్లూ టీకా వేశారు. నడక మొదటి వారం రోజుకు రెండుసార్లు పది నిమిషాలు, ఆరు వారాలకల్లా వారానికి 150 నిమిషాలు.

ఆరు వారాలకు ఎల్‌డీఎల్ 71. సగానికి పైగా తగ్గింది, కానీ లక్ష్యం 55 లోపు, కాబట్టి ఎజెటిమైబ్ 10 కలిపారు. మూడో నెలకు 52. లైపోప్రొటీన్ ఎ (చెడు కొవ్వును మోసే మరో రకం కణం) 84 మి.గ్రా./డెసిలీటరు. 50 దాటితే ఎక్కువ కింద లెక్క, అది వంశపారంపర్యం. అందుకని పిల్లలిద్దరికీ ఒకసారి చూశారు. 28 ఏళ్ల కొడుక్కి 91, ఎల్‌డీఎల్ 162, రోజుకు ఎనిమిది సిగరెట్లు. ‘నాకు కూడా రోజూ ఆస్పిరిన్ రాయండి’ అన్నాడు. రాయలేదు. గుండె జబ్బు లేనివాళ్లలో ఆస్పిరిన్ వల్ల వచ్చే లాభాన్ని రక్తస్రావం తినేస్తుందని 2018లో వచ్చిన మూడు పెద్ద అధ్యయనాలు చూపాయి. సిగరెట్ మానడానికి వరెనిక్లిన్ రాశారు, మూడు నెలల తర్వాత లిపిడ్ మళ్లీ చూసి స్టాటిన్ మొదలుపెట్టాలని ఫైలులో తేదీతో సహా రాశారు.